కథ చివర ఆమెను ఎక్కడికి పంపాం?

వలసోత్తర సాహిత్య విమర్శను గురించి తెలుగులో నాలుగు మాటలు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ నేను ఒకే చోట ఆగిపోతూ వచ్చాను. ఆ విమర్శకులు విరివిగా వాడే 'హైబ్రిడిటీ' అనే మాటను తెలుగులో ఏమనాలి? నిఘంటువు తెరిస్తే 'సంకరము' అని కనిపిస్తుంది. అర్థం సరిగ్గానే ఉంది. అయినా రాయడానికి చెయ్యి రాదు.

ఎందుకంటే ఆ మాట మన భాషలో మూడు చోట్ల మూడు రకాలుగా బతుకుతోంది. రైతు 'సంకర విత్తనం' అన్నా, 'సంకరజాతి ఆవు' అన్నా అది మెప్పు. దిగుబడి ఎక్కువ, పాలు ఎక్కువ. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు వర్ణసంకరాన్ని తలచుకొని వణికినప్పుడు అది కులనాశనం, నరకహేతువు. వీధిలో ఇద్దరు కొట్లాడుకుంటున్నప్పుడు అదే మాట తిట్టు. గింజకూ గొడ్డుకూ గౌరవమైనది మనిషి దగ్గరికి వచ్చేసరికి అవమానం ఎలా అయింది? పోనీ 'మిశ్రమం' అందామంటే మందుసీసా గుర్తుకొస్తుంది. 'కలగలుపు' బాగానే ఉంటుంది గాని, విమర్శకులు దానిని పారిభాషికపదంగా ఒప్పుకోరు.

ఈ టపా ఆ పదచర్చ కోసం కాదు. అయితే ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోవడానికి వెనక ఒక సొంత తప్పు ఉంది. ముందు అది చెప్పుకోవాలి.

*

నా చిన్నతనం నెల్లూరు జిల్లా బిట్రగుంటలో గడిచింది. ఆవిరి ఇంజన్ల కాలంలో ఆ ఊరంటే లోకోషెడ్డే. మా నాన్నగారు షెడ్డులో గుమాస్తా. మా క్వార్టర్సుకు రెండు ఇళ్ళవతల ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. ఇంటాయన మెయిలు డ్రైవరుగా పనిచేసి కాలం చేశారు. ఆయన భార్యను పిల్లలమంతా ఆంటీ అనేవాళ్ళం. పెద్దవాళ్ళు ఆమె ఎదుట 'దొరసానమ్మ' అనీ, వెనక 'దొరసాని' అనీ అనేవారు. ఆ రెండింటి మధ్యనున్న తేడా మీకు నేను చెప్పనక్కరలేదు.

క్రిస్మసుకు వారం ముందు ఆంటీ మా అమ్మ దగ్గరికి గులాబి అచ్చు అడగడానికి వచ్చేది. వాళ్ళు 'రోజ్ కుకీస్' అనేదీ, మనం గులాబి పువ్వులనేదీ ఒకటే పిండివంట. ఇది మాదంటే మాదని అమ్మా ఆంటీ ఏటా వాదించుకునేవారు. తరువాత పళ్ళెం నిండా పువ్వులు మా ఇంటికి వచ్చేవి, మేము తినేవాళ్ళం. అచ్చు మాత్రం తిరిగి వచ్చాక అమ్మ దానిని పొయ్యిలో పెట్టి ఎర్రగా కాల్చి, అప్పుడు అలమరలో పెట్టేది. అగ్నికి అంటు లేదు కదా!

ఆంటీకి ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు తెల్లగా ఉండేవాడు. ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. కూతురు మనలాగే చామనచాయ. ఆమెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. బడిలో తెలుగు రెండవ భాషగా చదువుకుంది. పద్యాలు నాకన్నా బాగా అప్పజెప్పేది. తరువాత బడిలో టీచరయింది.

1980ల నడుమ నేనొక కథ రాశాను. ఒక వారపత్రికలో అచ్చయింది. అందులో కథానాయిక రైల్వే గార్డు కూతురు, ఆంగ్లో ఇండియన్. మోకాళ్ళ దాకా గౌను, ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు, గలగలా నవ్వు, కొంచెం చనువు. ఒక తెలుగు గుమాస్తా ఆమెను ప్రేమిస్తాడు. తల్లి ఒప్పుకోదు. అతడు తలవంచుకుంటాడు. చివరి పేరాలో ఆమె ట్రంకుపెట్టెతో మద్రాసు బండి ఎక్కుతుంది. అక్కడినుంచి ఓడ, ఓడ దిగితే పరదేశం. ప్లాట్‌ఫారం మీద గుమాస్తా, దూరమయ్యే ఎర్రదీపం. ముగింపు కన్నీళ్ళు తెప్పించిందని చాలామంది ఉత్తరాలు రాశారు. నేను పొంగిపోయాను.

ఆ డిసెంబరులో గులాబి పువ్వుల పళ్ళెం తీసుకొని అక్క మా ఇంటికి వచ్చింది.

"కథ చదివాన్రా. బాగా రాశావు. ఒక్కటే అడుగుతా. ఆ పిల్లను రైలెందుకు ఎక్కించావు?"

"కథకొక ముగింపు కావాలి గదక్కా" అన్నాను.

"మీ వాళ్ళ కథలకు ముగింపు ఊళ్ళోనే దొరకతాది. మా వాళ్ళకు మాత్రం రైల్లోనే దొరకాలా?" అని నవ్వి, పళ్ళెం గట్టుమీద పెట్టి వెళ్ళింది.

నలభై ఏళ్ళు కావస్తోంది. ఆ తరువాత నేను చదివిన మిశ్రజాతి పాత్రలున్న నవలలన్నీ, నాకు తెలియకుండానే, ఆ ప్రశ్న చేతిలో పెట్టుకొని చదివాను. ఈ పాత్రను రచయిత చివరికి ఎక్కడికి పంపాడు? అలా చదువుతూ పోగా రెండవ ప్రశ్న కూడా పుట్టింది. ఈ పాత్ర తల్లి ఏమైంది?

*

నవలలలోకి వెళ్ళేముందు చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవడం అవసరం.

ఈస్టిండియా కంపెనీ తొలిరోజులలో తన సైనికులూ ఉద్యోగులూ ఇక్కడి స్త్రీలతో కాపురం చేయడాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పద్ధెనిమిదవ శతాబ్దం చివరికి గాలి మారింది. 1791లో, తల్లిదండ్రులలో ఒకరు భారతీయులైనవారికి కంపెనీ సివిల్, సైనిక కొలువులు మూసివేశారు. 1795లో సైన్యంలో మిగిలిన దారులు కూడా మూసి, మేళగాళ్ళు, డప్పులవాళ్ళు, లాడాలు కొట్టేవాళ్ళు వంటి పనులు మాత్రం వదిలారు. తరువాత రైళ్ళూ తంతితపాలా వచ్చాక, విశ్వాసంగా పనిచేసే ఒక నడిమి వర్గం కావలసి వచ్చి, వీరినే పిలిచి కూర్చోబెట్టారు. లాలాగూడ, కాజీపేట, గుంతకల్లు, వాల్తేరు, మా బిట్రగుంట అలా ఏర్పడిన కాలనీలే.

పేరు కూడా పైవాళ్ళు పెట్టినదే. అంతకుముందు 'ఆంగ్లో ఇండియన్' అంటే ఇండియాలో ఉండే ఇంగ్లీషువాడు. వీరిని 'యురేషియన్లు' అనేవారు. 1911 జనాభా లెక్కలతో వీరికి ఆంగ్లో ఇండియన్ అనే పేరు అధికారికమయింది. 1935 చట్టంలో చేరిన నిర్వచనం మన రాజ్యాంగం 366వ అధికరణంలోకీ వచ్చింది. తండ్రిగాని, తండ్రివైపు మగ పూర్వీకులలో ఎవరైనాగాని యూరోపియన్ సంతతి అయివుండాలి. తాను భారతదేశంలో స్థిరపడి, ఇక్కడే స్థిరంగా ఉంటున్న తల్లిదండ్రులకు పుట్టివుండాలి. ఇదీ దాని సారాంశం.

ఈ నిర్వచనంలో తల్లి ఎక్కడ ఉందో వెతకండి. ఏ దేశపు స్త్రీ అయినా ఫరవాలేదు, ఆమె రక్తానికి లెక్క లేదు. తల్లి యూరోపియన్, తండ్రి భారతీయుడు అయితే బిడ్డ ఆంగ్లో ఇండియన్ కాడు. రక్తం కలిసిందని చెప్పే చట్టమే సగం రక్తాన్ని చదవడానికి నిరాకరించింది.

స్వాతంత్ర్యం తరువాత రైల్వే, కస్టమ్స్, తంతితపాలా కొలువులలో వీరికి ఉన్న ప్రత్యేక వాటాను పదేళ్ళలో దశలవారీగా తీసివేసే ఏర్పాటు రాజ్యాంగంలోనే ఉంది. లోక్‌సభకు ఇద్దరిని, అవసరమైతే రాష్ట్ర శాసనసభకు ఒకరిని నామినేట్ చేసే పద్ధతి మాత్రం చాలాకాలం సాగి, 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరి 25 నుండి ఆగిపోయింది. తీసివేయడం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. పేరు పెట్టినప్పుడూ, కుర్చీ వేసినప్పుడూ, కుర్చీ తీసినప్పుడూ కూడా వారి కథను మరొకరే రాస్తున్నారన్నది మాత్రం గమనించదగ్గది.

*

ఇక నవలలు.

కిప్లింగ్ 'కిమ్' 1901లో వచ్చింది. కిమ్ ఐరిష్ సైనికుడి కొడుకు. లాహోరు వీధులలో దేశీయుడిలా తిరుగుతాడు, ఏ వేషమైనా వేస్తాడు, ఏ భాషైనా మాట్లాడతాడు. కలగలుపులోని ఆనందమంతా వాడిదే. అయితే ఆ అనాథను పెంచినది ఎవరు? ఒక మిశ్రజాతి స్త్రీ. నల్లమందు తాగుతుంది, పాత సామాన్ల దుకాణం నడుపుతున్నానని చెప్పుకుంటుంది, కిమ్ తల్లికి తాను అక్కచెల్లెలినని మిషనరీలతో అంటుంది. నవలలో ఆమెకు పేరు లేదు. కిమ్ లామా వెంట దేశమంతా తిరుగుతాడు, ఆమె మొదటి పేజీలలోనే మిగిలిపోతుంది. తెల్లరక్తం చెక్కుచెదరని పిల్లవాడు రెండు లోకాలలో విహరించవచ్చు. రెండు రక్తాలూ నిజంగా ఉన్న స్త్రీకి గడప దాటే కథ లేదు. వలసపాలన చేసిన పనిని గురించి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నాకు వేరే కనబడదు.

దానికి జవాబుగా చాలామంది టాగోరు 'గోరా'ను చూపుతారు. 1910లో పుస్తకరూపం పొందిన ఆ నవలలో గోరా కరడుకట్టిన హిందువు. ఇంటి దాసి లఛ్మియా క్రైస్తవురాలని, కన్నతల్లి అనుకుంటున్న ఆనందమయి గదిలో భోజనం చేయడు. చివరికి తాను 1857 అల్లకల్లోలంలో పుట్టిన ఐరిష్ బిడ్డనని తెలుస్తుంది. అప్పుడు అతడు కుప్పకూలడు, పైగా అన్ని కులాల బరువూ దిగిపోయి ఈ దేశపు మనిషిగా నిలబడతాడు. గొప్ప ముగింపు, సందేహం లేదు. నేనెన్నిసార్లు చదివినా ఆనందమయి దగ్గర కళ్ళు చెమరుస్తాయి. పసివాణ్ణి ఒళ్ళోకి తీసుకున్న రోజునే ఆమె ఆచారాన్ని వదిలేసింది. కొడుక్కు నవల చివరలో తెలిసినది తల్లికి మొదటినుంచీ తెలుసు.

కాని అక్క ప్రశ్నతో చదివితే ఒక చిక్కు ఉంది. గోరా మిశ్రజాతి కాదు. పూర్తిగా తెల్లవాడు. ఏ కులంలోనూ చోటు లేని పూర్తి పరాయివాణ్ణి జాతి హత్తుకోగలదు. సగం మనవాడు, సగం వాళ్ళవాడు అయినవాడి సంగతి ఏమిటి? పొరుగింటివాడి సగాన్ని ఒప్పుకోవడమే కష్టం. టాగోరు వంటివాడు ఈ చిక్కును చూడలేదని నేననను. ఆయన అడిగిన ప్రశ్న వేరు. మనం ఆయన జవాబును దీనికి వాడుకోకూడదు, అంతే.

ఆ ప్రశ్నను సూటిగా తలకెత్తుకున్న నవల జాన్ మాస్టర్స్ 'భవానీ జంక్షన్'. 1954లో వచ్చింది, కథాకాలం 1946. రైల్వే కుటుంబపు విక్టోరియా జోన్స్ ముందు ముగ్గురు పురుషులు. ఇంగ్లీషు కల్నల్ శావేజ్, సిక్కు యువకుడు రంజిత్, తనవాడే అయిన పాట్రిక్ టేలర్. ముగ్గురూ మూడు దేశాల వంటివారు. రంజిత్ కోసం చీర కడుతుంది, మతం మారబోయి గురుద్వారా నుంచి పారిపోతుంది. కల్నల్‌తో కొన్నాళ్ళు. చివరికి పాట్రిక్ దగ్గరికి, అంటే రైలుపట్టాల దగ్గరికే, తిరిగివస్తుంది. మాస్టర్స్ సామ్రాజ్యపు సైనికాధికారి, అతని చూపు ఆ మెట్టు మీదినుంచే ఉంటుంది. పాట్రిక్ నెత్తిమీది టోపీని అతడు ఎంత వెక్కిరించాడో! అయినా విక్టోరియాకు పేరు ఇచ్చాడు, కొన్ని భాగాలు ఆమె నోటితోనే చెప్పించాడు. తన పూర్వీకులలోనూ భారతీయ రక్తం ఉందని అతనికి తరువాతెప్పుడో తెలిసిందట. కథ రాసినవాడిని కథ వెతుక్కుంటూ వచ్చిందన్నమాట.

1956లో ఇది సినిమా అయింది. ఆవా గార్డ్‌నర్ విక్టోరియా. సినిమాలో పాట్రిక్ చనిపోతాడు, విక్టోరియా కల్నల్‌కు దక్కుతుంది. నవలాకారుడు ఊళ్ళో ఉంచిన పిల్లను సినిమావాళ్ళు తెల్లవాడి చేతిలో పెట్టారు. ముగింపు మార్చడం అంటే చిరునామా మార్చడమే.

రష్దీ 'మిడ్‌నైట్స్ చిల్డ్రన్' 1981 నాటిది. స్వాతంత్ర్యపు అర్ధరాత్రి పుట్టిన సలీం, పెంచినవారి ప్రకారం సంపన్న ముస్లిం కుటుంబపు వారసుడు. కడుపు లెక్కన, బొంబాయి వదిలిపోతున్న ఇంగ్లీషువాడు మెథ్‌వోల్డ్‌కూ ఒక వీధి గాయకుడి భార్య వనితకూ పుట్టినవాడు. కాన్పుగదిలో మేరీ పెరీరా పిల్లలను మార్చేసింది. కొత్త దేశమే ఒక సంకర సంతానమని, స్వచ్ఛమైన పుట్టుక ఎవరికీ లేదని రష్దీ చేసిన ఈ ఎత్తిపొడుపు నాకు చాలా ఇష్టం. అయితే వనిత? కాన్పులోనే చనిపోతుంది. ఆ పేదరాలి ఊసు తరువాత పెద్దగా ఉండదు. కిమ్ తల్లి లేదు, గోరా కన్నతల్లి లేదు, సలీం తల్లి లేదు. పిల్లవాడు దేశానికి ప్రతీక కావాలంటే ముందు తల్లి తప్పుకోవాలి కాబోలు! రాజ్యాంగ నిర్వచనమూ, గొప్ప నవలలూ ఒకే పని చేయడం యాదృచ్ఛికమని నేననుకోలేను.

తల్లినీ కూతురినీ కలిపి చూసిన నవల కావాలంటే కరీబియన్ సముద్రం దాకా వెళ్ళాలి. డొమినికా దీవిలో పుట్టిన జీన్ రీస్ 1966లో రాసిన 'వైడ్ సర్గాసో సీ' అది. 'జేన్ ఐర్'లో మేడమీద గదిలో బంధించిన పిచ్చిదాని పూర్వకథ. ఇందులో ఆంటోయినెట్ రక్తరీత్యా మిశ్రజాతి కాదు, దీవిలో పుట్టిన తెల్ల క్రియోల్. అయినా నల్లవారి దృష్టిలో ఆమె అసలైన తెల్లది కాదు, ఇంగ్లండునుంచి వచ్చిన భర్త దృష్టిలోనూ కాదు. ఆమె రక్తంలో ఏముందోనని అతడు అనుమానపడుతూనే ఉంటాడు. చివరికి ఆమె పేరు తీసేసి 'బెర్తా' అని పెడతాడు. తల్లి ఆనెట్ పిచ్చిదయింది కాబట్టి కూతురూ పిచ్చిదేనని తీర్మానిస్తాడు. ఓడలో ఇంగ్లండుకు తీసుకుపోయి గదిలో పెడతాడు. ఇది చదివినప్పుడు నా కథలోని ట్రంకుపెట్టె నాకు గుర్తుకొచ్చి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఓడ దిగిన తరువాత ఆ పిల్లకు ఏమవుతుందని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఓడ ఎక్కడమే నాకు అందంగా కనిపించింది.

గాయత్రీ స్పివాక్ 1985లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ నవలను మెచ్చుకుంటూనే ఒక మాట పట్టుకుంటుంది. ఆంటోయినెట్‌ను పెంచిన నల్లజాతి దాది క్రిస్టోఫీన్ భర్తను ఎదిరించి నిలదీసి, ఆ తరువాత కథలోంచి నడిచి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. ఒకరికి కథ ఇచ్చేటప్పుడు ఇంకెవరో బయటికి పోతూనే ఉంటారు. రచయితలకు ఇది శాపం లాంటిది. తెలిసి ఉండడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

*

ఇదంతా పరాయి నవలల గొడవ కదా, మనకెందుకు అనేవారికి హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనాన్ని చూపిస్తాను. తరాలపాటు మహిళా కళాశాలగా మనకు తెలిసిన ఆ తెల్లని మేడను కట్టించినవాడు రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. అతడూ నిజాం కొలువులోని పెద్దింటి ఆడపడుచు ఖైరున్నిసా ఒకటైన కథ విలియం డాల్‌రింపుల్ పుస్తకం తరువాత అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచినది పిల్లల గురించి. కొడుకు సాహిబ్ ఆలం, కూతురు సాహిబ్ బేగం. 1805లో, అంటే ఐదేళ్ళు కూడా నిండని వయసులో, వారిని ఓడ ఎక్కించి ఇంగ్లండుకు పంపేశారు. అదే సంవత్సరం తండ్రి కలకత్తాలో మరణించాడు. అక్కడ ఆ పిల్లలు విలియం జార్జ్, కాథరిన్ అరోరా అయ్యారు. తల్లి 1813లో చనిపోయింది, బిడ్డలను మళ్ళీ చూడలేదు. కిట్టీ అని పిలవబడిన ఆ కూతురు పెద్దయ్యాక, 1840లలో, హైదరాబాదులో బతికి ఉన్న అమ్మమ్మతో ఉత్తరాలు నడిపింది.

ఓడకు ముందు మద్రాసులో చిత్రకారుడు చినరీ ఆ పిల్లలిద్దరి బొమ్మ వేశాడు. దక్కనీ దుస్తులలో ఉంటారు. ఆ బట్టలు వారు వేసుకున్న చివరి రోజులవి. ఇంగ్లండులో కార్లైల్ ఆమెను ఎరుగును, అతని 'సార్టర్ రిసార్టస్'లోని బ్లూమీన్ పాత్రకు ఈమే మూలమని చాలామంది భావిస్తారు. హైదరాబాదు పిల్ల ఇంగ్లీషు సాహిత్యంలోకి వెళ్ళింది. తెలుగు పేరుతోనో ఉర్దూ పేరుతోనో కాదు, ఒక జర్మన్ పువ్వు పేరుతో. మన ఊరి కథలో కూడా తల్లి ఇక్కడ మిగిలింది, బిడ్డ ఓడ ఎక్కింది, పేరు మారింది. నవలాకారులు ఈ నమూనాను కల్పించలేదు. జరిగినదాన్నే తిరిగి తిరిగి రాశారు.

*

ఇక సిద్ధాంతం సంగతి. హోమీ భాభా 1994 నాటి తన పుస్తకంలో, రెండు సంస్కృతుల నడుమ ఏర్పడే మూడవ ప్రదేశాన్ని గురించి, అది పాలకుడి అధికారాన్ని లోపలినుంచి ఎలా గడబిడ చేస్తుందో గురించి అద్భుతంగా వివరించాడు. పాలకుణ్ణి అనుకరించేవాడు పాలకుణ్ణే వెక్కిరింపుగా మార్చేస్తాడనే ఆలోచన నాకు కళ్ళు తెరిపించింది. అయితే, క్షమించాలి, ఆ మూడవ ప్రదేశానికి పిన్‌కోడు లేదు. అక్కకు కావలసినది బిట్రగుంటలో అద్దె ఇల్లు. మరుసటి సంవత్సరమే, 1995లో, రాబర్ట్ యంగ్ గుర్తుచేశాడు. ఈ 'హైబ్రిడ్' మాట పందొమ్మిదవ శతాబ్దపు జాతిశాస్త్రంలోంచి వచ్చినది. నల్లవారూ తెల్లవారూ కలిస్తే పుట్టేవారు కంచరగాడిదల్లా గొడ్డుపోతారా లేదా అని పెద్ద పెద్ద పండితులు తర్కించుకున్న రోజులవి. మాటను శుద్ధిచేసి వాడుకోవచ్చు గాని, దాని పుట్టుక మరచిపోకూడదు.

తెలుగులో మనకు ఇంకొక బాధ్యత కూడా ఉంది. వలసోత్తర దృక్పథం తప్పంతా తెల్లవాడి మీద వేసి మనకు సుఖాన్ని ఇస్తుంది. నా కథలోని గౌనునూ గలగల నవ్వునూ కొంత ఇంగ్లీషు నవలలూ సినిమాలూ నేర్పి ఉండవచ్చు. కాని మా అమ్మ గులాబి అచ్చును కాల్చినది ఏ ఇంగ్లీషు పుస్తకం చదివి? సంకరమంటే భయం మనకు కంపెనీ ఓడలకన్నా ముందునుంచీ ఉంది. ఆంగ్లో ఇండియన్‌ను ఏ కులంలో పెట్టాలో తెలియకనే మనం ఆమెను 'చనువైన పిల్ల'ను చేశాం. రెండు కులాల నడుమ పుట్టిన బిడ్డను మన కథలు ఏం చేస్తూ వచ్చాయో కూడా ఇదే ప్రశ్నతో చదవవచ్చు. ఊరు వదిలించడం, పట్నం పంపడం, చంపేయడం. రైలు మారుతుంది గాని, పట్టాలు అవే.

అవతలివైపు మచ్చలేదని కూడా నేననను. ఇన్‌స్టిట్యూట్ తలుపు దగ్గర వాళ్ళూ మనిషి రంగు చూసేవారు. ఆంటీ తన కూతురి చామనచాయను గురించి బాధపడేది. తెల్లగా ఉన్న కొడుకుకు ఆస్ట్రేలియా దారి ఇచ్చిందంటే, 1973 దాకా పూర్తిగా తొలగని ఆ దేశపు రంగుల విధానం వెనక ఉంది. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిని ఒంటిరంగు రెండు ఖండాలుగా విడదీసింది. ఇంత కథ రెండిళ్ళవతల ఉండగా నేను గౌను గురించి రాశాను!

వెళ్ళిపోవడం నిజమే కదా, వేలమంది వెళ్ళారు కదా, అలా రాస్తే తప్పేమిటని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. వెళ్ళినవారు నిజం. ఉన్నవారూ నిజమే. రెండింటిలో మొదటిదే రచయితలకు అందంగా తోచడం మీద నా అభ్యంతరం. వెళ్ళేవారు మనలను ఏమీ అడగరు. ఉన్నవారు నీళ్ళకుళాయి దగ్గర వాటా అడుగుతారు, బడిలో సీటు అడుగుతారు, ఒక్కొక్కసారి కథ గురించి కూడా అడుగుతారు. విషాదం పేరిట మనం చేస్తున్నది ఒకవిధంగా ఖాళీ చేయించడమే.

వేరే రకంగా రాయవచ్చుననడానికి రస్కిన్ బాండ్ చిన్న నవల 'ది రూమ్ ఆన్ ది రూఫ్' ఉంది. 1956లో వచ్చింది. అందులో రస్టీ అనే ఆంగ్లో ఇండియన్ కుర్రవాడు సంరక్షకుడి ఇంగ్లీషు ఇల్లు వదిలి డెహ్రాడూన్ బజారులోకి వస్తాడు. మిద్దెమీద ఒక గది, నలుగురు స్నేహితులు. చివరికి ఇంగ్లండు వెళ్ళడానికి బయలుదేరి, స్నేహితుడి చేయిపట్టుకొని డెహ్రాకు తిరిగివస్తాడు. రాసేనాటికి బాండ్ ఇంకా కుర్రవాడు. లండన్‌లో కూర్చొని ఇంటి బెంగతో ముగించాడు, తరువాత తానూ తిరిగివచ్చాడు. దీనిలో సిద్ధాంతం ఏమీ లేదు. ఒక గది ఉంది. కొన్నిసార్లు అదే చాలు.

*

అక్క ఆ ఊరు వదలలేదు. ఆవిరి ఇంజన్లు పోయి, షెడ్డు కళ తప్పి, మా వంటివాళ్ళమంతా బదిలీలమీద చెదిరిపోయాం. అంటే రైలెక్కినది నేను. ఆమె అక్కడే బడిలో పాఠాలు చెప్పి, అక్కడే పదవీ విరమణ చేసింది. కొన్నేళ్ళ కిందట ఒక పెళ్ళికి ఆ వైపు వెళ్ళినప్పుడు కలిశాను. తెల్లజుట్టు, వాయిల్ చీర. నా కథ ఆమెకు గుర్తుంది. "ఇంకా ఆ పిల్ల రైల్లోనే ఉందా?" అని అడిగింది.

ఆ కథను నా సంపుటిలో చేర్చలేదు. తిరగరాద్దామని మూడుసార్లు ప్రయత్నించాను. ముగింపు మార్చడం తేలిక, మొదలు మార్చడమే కష్టంగా ఉంది. ముగింపులో ఆమెను ఊళ్ళో ఉంచాలంటే, మొదటి పేరానుంచీ ఆమెకు ఒక ఇల్లు, తల్లి, అప్పులు, పక్కింటివాళ్ళతో తగువు, నచ్చే తెలుగు పద్యం ఒకటి ఉండాలి. అవన్నీ పెట్టేసరికి అది ఆ గుమాస్తా ప్రేమకథ కాకుండా పోతోంది. బహుశా అదే సరైన దారేమో.

తెలుగు కథలలో ఇటువంటి పాత్ర, తన పేరుతో తన ఇంట్లో ఉండి, చివరి పేరా తరువాత కూడా అక్కడే ఉండేది, మీరు చదివి ఉంటే తప్పక తెలియజేయండి. చదివి, అక్కకు కూడా పంపిస్తాను. 'హైబ్రిడిటీ'కి మంచి తెలుగుమాట తోచినవారు కూడా చెప్పండి. నాకు ఇప్పటికి తోచినది ఒక్కటే, గులాబి అచ్చు. కాని దానిని పారిభాషికపదం చేయలేం కదా.